మౌంజారో, ఓజెంపిక్, లిరాగ్లుటైడ్, ఇన్సులిన్: షుగరు ఇంజెక్షన్‌కు ఏడాదికి అసలు ఎంతవుతుంది?

మెడికల్ షాపు కౌంటర్ దగ్గర అందరూ అడిగే మాట "నెలకి ఎంత పడుతుందండీ?" షాపులో మొదటి పెట్టె ఎమ్మార్పీ చెప్తారు. వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ల విషయంలో ఆ అంకె రెండు విధాలా తక్కువ చూపిస్తుంది. మొదటి పెట్టెలో ఉండేది ఒంటికి మందు అలవాటు చేసే చిన్న డోసు. షుగరును దించే పని ఆ తర్వాతి డోసుది, దాని ధరా ఎక్కువే. పైగా పెట్టెలో ఉండేవి నాలుగు వారాల డోసులు. ఏడాదికి 52 వారాలు గనక కావలసినవి పన్నెండు కాదు, పదమూడు పెట్టెలు. ఆ పదమూడో పెట్టె నెల జీతం లెక్కలో ఎక్కడా కనపడదు, కొనేటప్పుడు మాత్రం పది వేలో ఇరవై వేలో అవుతుంది.

అందుకే ఇక్కడ ప్రతి మందునూ ఏడాది ఖర్చుతో పోల్చాం. మీకు ఏ మందు పడుతుందో తేల్చాల్సింది డాక్టరే. ఆయన రెండు మూడు దారులు చూపించి "మీరే చెప్పండి" అన్నప్పుడు పనికొచ్చే లెక్క ఇది. ధరలు కంపెనీలు ప్రకటించినవి. ఇవి మారుతూనే ఉంటాయి కాబట్టి మీ చేతిలో ఉన్న పెట్టె మీది ఎమ్మార్పీని ఇదే లెక్కలో వేసి చూసుకోండి.

మౌంజారో లెక్క

టిర్జెపటైడ్ అనే ఈ మందును ఎలీ లిల్లీ 2025 మార్చిలో మన దేశంలో విడుదల చేసింది. మొదట వయల్స్ (మందు నింపిన చిన్న గాజు సీసాలు) వచ్చాయి: 2.5 మి.గ్రా. వయల్ ₹3,500, 5 మి.గ్రా. వయల్ ₹4,375. ఆగస్టులో క్విక్‌పెన్ వచ్చింది. నాలుగు డోసుల పెన్ను 2.5 మి.గ్రా.కి ₹14,000, 5 మి.గ్రా.కి ₹17,500, 7.5, 10 మి.గ్రా.లకు ₹22,000, 12.5, 15 మి.గ్రా.లకు ₹27,500. 2025 సెప్టెంబర్ 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పాత ధరను 1.12తో భాగించి 1.05తో గుణిస్తే కొత్త ధర వస్తుంది: 14,000 కాస్తా 13,125, 17,500 కాస్తా సుమారు 16,406, 22,000 కాస్తా 20,625, 27,500 కాస్తా సుమారు 25,781. షాపులో ఇప్పటికీ పాత ధరే అడిగితే పెట్టె మీద ముద్రించిన తయారీ తేదీ, ఎమ్మార్పీ చూడండి. ఇదే మందును సిప్లా యుర్‌పీక్ పేరుతో అమ్ముతోంది. అది అదే మందు, అదే ధరకు ప్రకటించారు కాబట్టి పేరు మారిస్తే మిగులుతుందని ఆశ పెట్టుకోకండి.

డోసు ఎలా పెరుగుతుందన్నదే ఖర్చుకు మూలం. నాలుగు వారాలు 2.5 మి.గ్రా., ఆ తర్వాత 5 మి.గ్రా. అది సరిపోతే అక్కడే ఆగవచ్చు. సరిపోకపోతే ప్రతిసారీ కనీసం నాలుగు వారాల ఎడంతో 2.5 మి.గ్రా. చొప్పున పెంచుతారు. గరిష్ఠం 15. 5 దగ్గరే స్థిరపడితే మొదటి ఏడాది 13,125 ఒకటి, 16,406 పన్నెండు, మొత్తం సుమారు ₹2,10,000. 10 దాకా వెళ్తే 2.5, 5 ఒక్కో పెట్టె పోగా మిగిలిన పదకొండూ 20,625 చొప్పున, మొత్తం సుమారు ₹2,56,400. రెండింటికీ తేడా 46 వేలు. కాబట్టి డాక్టరును అడగాల్సింది "మొదటి నెల ఎంత" అని కాదు, "నాకు ఏ డోసు దగ్గర ఆపే ఆలోచన ఉంది, ఏ అంకె చూసి ఆపుతారు" అని. 5 మి.గ్రా. మీద మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) ఏడు లోపు వచ్చినవాళ్లకు, బరువు ఇంకా తగ్గాలన్న ఆశ ఒక్కదాని కోసం డోసు పెంచాలా అన్నది డబ్బుతో కూడా ముడిపడిన ప్రశ్నే.

వయలా, పెన్నా

నాలుగు వయల్స్ కలిపినా ఒక పెన్ను కొన్నా దాదాపు ఒకటే ధర. తేడా అంతా వాడకంలో, వృథాలో ఉంది.

వయల్‌లో ఒక్క డోసు, అర మి.లీ. మందు ఉంటుంది. విడిగా ఒకటీ రెండూ కొనవచ్చు. మొదటిసారి మొదలుపెట్టేవాళ్లకు ఇదే మేలు. వికారం, వాంతులు, విరేచనాలు చాలామందికి మొదటి డోసుల్లోనే తెలుస్తాయి. కొందరికి అస్సలు పడదు. పెన్ను కొని రెండో వారంలో మానేస్తే ఆరున్నర వేలు పోయినట్టే, వయల్స్ అయితే కొన్నంత వరకే పోతుంది. చల్లగా ఉంచే మందును షాపులో వెనక్కి తీసుకోరు. మొదట వచ్చిన వయల్స్ 2.5, 5 మి.గ్రా.లవే కాబట్టి, 7.5 అవసరమయ్యే పరిస్థితి వస్తే అది ఏ రూపంలో దొరుకుతుందో ముందే అడగండి.

వయల్‌కు సిరంజి కావాలి, గందరగోళం అక్కడే మొదలవుతుంది. మన దగ్గర ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు: ఎర్ర మూత ఉన్నది 40 యూనిట్లది, నారింజ రంగు మూతది 100 యూనిట్లది. వయల్‌లోని అర మి.లీ. నారింజ మూత సిరంజిలో 50వ గీత దగ్గరకు వస్తుంది. అదే అర మి.లీ. ఎర్ర మూత సిరంజిలో 20వ గీత దగ్గరే కనిపిస్తుంది. "యాభై రావాలన్నారు, ఇరవయ్యే వచ్చింది, మందు తక్కువ పోశారు" అని ఇంకో వయల్ పగలగొట్టేవాళ్లున్నారు. అలా చేస్తే డోసు రెట్టింపవుతుంది. వాంతులతో బాధపడాల్సి రావచ్చు, నాలుగు వేలూ దండగ. నారింజ మూత సిరంజి, ఒక మి.లీ.ది కొనుక్కుని, వయల్ మొత్తం లాగి, ఒకసారే వేసుకుని, రెండింటినీ పారేయండి. అడుగున ఒకటీ అరా చుక్క మిగిలినా అది డోసు కాదు. ఇన్సులిన్ కూడా వేసుకునేవాళ్లు రెండింటినీ ఒకే సిరంజిలో కలపకూడదు.

పెన్నులో ఒక్కో డోసు 0.6 మి.లీ., మొత్తం నాలుగు. ప్రతిసారీ కొత్త సూది బిగించి, ముందు కాస్త మందు బయటికి వదిలి, తర్వాత వేసుకోవాలి. అందుకు సరిపడా అదనపు మందు పెన్నులో ఉంటుంది. నాలుగు డోసులు అయ్యాక కూడా గాజు గొట్టంలో ద్రవం కనపడేది అందుకే. దాన్ని సిరంజితో లాగి "ఐదో డోసు" వేసుకోవడం ఇప్పుడు వాట్సాప్‌లో చిట్కాగా తిరుగుతోంది. అందులో ఎంత ఉందో ఎవరికీ తెలీదు, రబ్బరు బిరడాను నాలుగుసార్లు పొడిచి ఉంటారు. ఆ చిట్కా జోలికి పోకండి.

దానికన్నా పెద్ద ఆశ ఇంకోటుంది. 2.5 మి.గ్రా. పెన్నులో మొత్తం 10 మి.గ్రా. మందుకు 13,125 అంటే మి.గ్రా.కి ₹1,300 పైమాటే. 15 మి.గ్రా. పెన్నులో 60 మి.గ్రా.కి 25,781, అంటే మి.గ్రా.కి ₹430. పెద్ద పెన్ను కొని, తిప్పేటప్పుడు వచ్చే క్లిక్కులు లెక్కబెట్టుకుంటూ చిన్న డోసులుగా వేసుకుంటే మూడో వంతు ఖర్చు అన్న లెక్క కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ ఆ పెన్ను తెరిచాక 30 రోజులకు పారేయాల్సింది, అలా 5 మి.గ్రా. చొప్పున వాడినా పన్నెండు వారాలు నడుస్తుంది. క్లిక్కుల మధ్య ఎంత మందు దిగుతుందో కంపెనీ ఎక్కడా హామీ ఇవ్వలేదు. ఒకసారి లెక్క తప్పి పూర్తి డోసు దిగితే, 5 మి.గ్రా.కి అలవాటుపడ్డ ఒంట్లోకి 15 మి.గ్రా. పోయినట్టు. ఆ రాత్రి ఎమర్జెన్సీలో సెలైన్లకు అయ్యే బిల్లు ముందు ఈ మిగులు ఏ మూలకూ రాదు.

చేతులు వణికేవాళ్లకు, చూపు తగ్గినవాళ్లకు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు పెన్నే మంచిది. మిగతావాళ్లు మొదటి ఎనిమిది వారాలు వయల్స్ వాడి, డోసు కుదురుకున్నాక పెన్నుకు మారితే డబ్బు వృథా తక్కువ.

ఓజెంపిక్, సెమాగ్లుటైడ్ జెనరిక్‌లు

సెమాగ్లుటైడ్ అనే మందు ఉండే ఓజెంపిక్ 2025 డిసెంబర్‌లో ఇక్కడికి వచ్చింది. విడుదలైన నాడు నాలుగు వారాలకు 0.25 మి.గ్రా. ₹8,800, 0.5 మి.గ్రా. ₹10,170, 1 మి.గ్రా. ₹11,175. మొదటి నాలుగు వారాలు 0.25, తర్వాత 0.5, అవసరమైతే 1. ఆ ధరల్లో 0.5 దగ్గర ఆగితే మొదటి ఏడాది సుమారు ₹1,30,800, 1 దాకా వెళ్తే సుమారు ₹1,41,900. రెండింటికీ తేడా 11 వేలే. మౌంజారోలో డోసు పెరిగితే జేబుకు పెద్ద చిల్లు, ఇందులో చిన్నది. షుగరు, బరువు తగ్గించడంలో సగటున టిర్జెపటైడ్‌ది పైచేయి అన్నది నిజం. ఆ అదనపు ఫలితం మీకు అవసరమా అన్నది మీ హెచ్‌బీఏ1సీ ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది. 7.8 ఉన్న మనిషికీ 10.5 ఉన్న మనిషికీ ఒకే జవాబు ఉండదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు ధర కన్నా ముందు డాక్టరుతో ఆ సంగతే మాట్లాడాలి.

2026 మార్చిలో మన దేశంలో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు తీరింది. దీంతో జెనరిక్‌లకు, అంటే అదే మందును వేరే కంపెనీలు తమ పేరుతో అమ్మడానికి, దారి తెరుచుకుంది. వీటి ధరలు పోల్చేటప్పుడు పెట్టె మీది అంకెను పెట్టె మీది అంకెతో పోల్చకండి. మూడు సంగతులు చూడండి: మొత్తం ఎన్ని మి.గ్రా. మందు ఉంది, ఎన్ని వారాలకు వస్తుంది, సూదులు పెట్టెలో ఉన్నాయా విడిగా కొనాలా. నాలుగు డోసుల పెన్నూ, ఎక్కువ డోసులు తీసే వయలూ పక్కపక్కన పెడితే వయలే చౌకగా కనిపిస్తుంది. అందులో ప్రతి వారం డోసును మీరే సిరంజితో కొలవాలి, మి.గ్రా. వేరు, మి.లీ. వేరు, సిరంజి మీది యూనిట్లు వేరు. "మీ బ్రాండులో 0.5 మి.గ్రా. అంటే నారింజ మూత సిరంజిలో ఎన్నో గీత" అన్నది డాక్టరు చేత చీటీ మీద రాయించుకోకుండా వయల్ కొనకండి. బ్రాండు మారిస్తే గీత మారవచ్చు, మళ్లీ అడగాలి.

చౌకైన రోజువారీ ఇంజెక్షన్

లిరాగ్లుటైడ్ పాతది కాబట్టి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. 2024 జనవరిలో గ్లెన్‌మార్క్ లిరాఫిట్ పేరుతో తెచ్చినప్పుడు రోజుకు 1.2 మి.గ్రా. డోసుకు సుమారు ₹100 అని ప్రకటించింది. అంటే ఏడాదికి 36,500, దానికి రోజుకో సూది ఖర్చు అదనం. 18 మి.గ్రా. పెన్ను 1.2 చొప్పున 15 రోజులు, 1.8 చొప్పున 10 రోజులు వస్తుంది. మౌంజారోలో ఆరో వంతు ఖర్చు. బరువు అంత తగ్గదు, రోజూ పొడుచుకోవాలి. వారానికోసారి మందు ఏడాది పొడవునా కొనలేమని ముందే తెలిసినవాళ్లు మూడు నెలలు మౌంజారో వేసుకుని మానేయడం కన్నా ఇది ఏడాదంతా వేసుకోవడం మేలు. మానేస్తే ఆకలి తిరిగొస్తుంది, కొన్ని నెలల్లో బరువూ షుగరూ వెనక్కి వస్తాయి, ఆ యాభై వేలకు మిగిలేది ఏమీ ఉండదు.

ఇన్సులిన్ ఖర్చు ఎలా లెక్కేయాలి

ఇన్సులిన్ వేరే కోవ. టైప్ 1 వాళ్లకు పై ఇంజెక్షన్లు దానికి బదులు కావు. టైప్ 2లో ఒళ్లు చిక్కిపోతూ, షుగరు 300 దాటి, దాహం, అతిమూత్రం ఉన్నవాళ్లకు ముందు ఇన్సులినే.

ధరను యూనిట్లలో పోల్చాలి. మి.లీ.కి 40 యూనిట్ల బలం ఉన్న 10 మి.లీ. వయల్‌లో 400 యూనిట్లు, మి.లీ.కి 100 యూనిట్ల బలం ఉన్న 3 మి.లీ. కార్ట్రిడ్జ్‌లో (పెన్నులో పెట్టే మందు గొట్టంలో) 300 యూనిట్లు. ఎమ్మార్పీని దానితో భాగిస్తే యూనిట్ ధర వస్తుంది. కానీ పెన్నుతో వేసుకునేవాళ్లు ప్రతి పోటుకూ ముందు 2 యూనిట్లు గాల్లోకి వదలాలి. రోజుకు ఒకసారి 20 యూనిట్లు వేసుకునేవాళ్లకు 30 రోజులకు కావలసింది 600 కాదు, 660. రెండు కార్ట్రిడ్జ్‌లు కొంటే చివరి మూడు రోజులకు మందు ఉండదు. ఇంకోవైపు, తెరిచిన ఇన్సులిన్‌ను చాలా బ్రాండ్లలో 28 రోజుల్లో వాడేయాలి. రోజుకు 8 యూనిట్లే వేసుకునేవాళ్లు 400 యూనిట్ల వయల్ తెరిస్తే 28 రోజుల్లో 224 వాడి, మిగిలిన 176 పారబోయాలి. వాళ్లకు వయల్ చౌక అన్న మాట అంత నిజం కాదు.

కంపెనీ వాళ్లు ఇన్సులిన్ పెన్ను ఉచితంగా ఇస్తే సంతోషించే ముందు ఒకటి ఆలోచించండి. ఆ పెన్నులో ఆ కంపెనీ కార్ట్రిడ్జే పెట్టాలి. రేపు వేరే కంపెనీ గ్లార్జిన్ (రోజంతా పనిచేసే ఇన్సులిన్ రకం) చౌకగా దొరికినా పెన్ను మార్చాల్సిందే. బలవంతంగా ఎక్కిస్తే పిస్టన్ సరిగా కూర్చోదు, డోసు తప్పుతుంది, "ఇన్సులిన్ పనిచేయట్లేదు" అని డోసు పెంచుకుంటూ పోతారు.

హ్యూమన్ ఇన్సులిన్, గ్లార్జిన్ అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నాయి కాబట్టి వాటికి మందుల ధరలు చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీపీఏ సీలింగ్ ధర, అంటే దాటకూడని గరిష్ఠ ధర, కడుతుంది. ఫార్మా సహీ దామ్ యాప్‌లో చూసుకోవచ్చు. జాబితాలో లేని మందులకు సీలింగ్ ఉండదు, కంపెనీ ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. మీ ఏడాది లెక్కలో ఆ పది శాతానికి చోటు ఉంచండి. ప్రభుత్వాసుపత్రుల్లో హ్యూమన్ ఇన్సులిన్ ఉచితంగా ఇస్తారు, నిల్వ ఉందో లేదో వెళ్లే ముందు కనుక్కోండి.

ఖర్చు తగ్గే చోట్లు

మౌంజారో, ఓజెంపిక్ లాంటి కొత్త ఇంజెక్షన్ మొదలైన రోజు పాత చీటీ మొత్తం డాక్టరు ముందు పెట్టండి. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ లాంటి బిళ్లలు ఇదే దారిలో పనిచేస్తాయి. ఇంజెక్షన్‌తో పాటు వేసుకుంటే అదనంగా ఒరిగేది దాదాపు లేదు, సాధారణంగా ఆపేస్తారు. అయినా అలవాటుగా నెలల తరబడి కొంటూనే ఉంటారు. గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ డోసులు తగ్గించకపోతే షుగరు మరీ పడిపోతుంది కాబట్టి అవీ చూపించాలి. వాటిని మీ అంతట మీరు ఆపకండి.

ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తాయి, ఓపీడీ కవరు విడిగా ఉంటే తప్ప నెలనెలా కొనే ఇంజెక్షన్‌కు రాదు. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా ఆసుపత్రి చికిత్సలవి. పన్నులో ఒక వెసులుబాటు ఉంది, చాలామంది వాడుకోరు: 60 దాటిన తల్లిదండ్రులకు ఆరోగ్య బీమా లేకపోతే, వాళ్ల వైద్య ఖర్చును ఆదాయపు పన్ను మినహాయింపు (1961 చట్టంలో 80డి) కింద ఏడాదికి ₹50,000 దాకా చూపించుకోవచ్చు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. నగదుగా కడితే చెల్లదు కాబట్టి యూపీఐ, కార్డుతో కట్టి, పేరుతో బిల్లు తీసుకోండి.

బిల్లు ఇంకో పనికీ వస్తుంది. ఎమ్మార్పీ మీద తగ్గింపు అడగండి, అందులో మొహమాటమేం లేదు. ఎవరో పది వేలు తగ్గించి బిల్లు లేకుండా ఇస్తానంటే మాత్రం అది నకిలీయో, ఫ్రిజ్‌లో ఉంచనిదో అయివుండే అవకాశం ఎక్కువ. షాపువాళ్లు ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చారా, అలమరలోంచి ఇచ్చారా కళ్లతో చూడండి. ఇంట్లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజర్ గోడకు ఆనుకుని కాదు. గడ్డకట్టిన మందును కరిగించి వాడకూడదు. బయట 30 డిగ్రీల లోపు అయితే మౌంజారో వయల్ 21 రోజులు, పెన్ను 30 రోజులు ఉంటుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో ఇంట్లోనే 35 దాటుతుంది కాబట్టి ఆ వెసులుబాటు మనకు వేసవిలో లేనట్టే.

రెండు నెలలకు మించి కొని నిల్వ పెట్టకండి, డోసు మారితే పెట్టెలు మిగిలిపోతాయి. డోసు మర్చిపోతే మౌంజారో నాలుగు రోజుల్లోపు, ఓజెంపిక్ ఐదు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు. దాటితే ఆ వారం వదిలేసి మామూలు రోజున వేసుకోవాలి. వరసగా కొన్ని వారాలు తప్పితే మళ్లీ చిన్న డోసు నుంచి మొదలుపెట్టమనవచ్చు, అంటే ఆ మొదటి పెట్టెల ఖర్చు మళ్లీ పడుతుంది. పండక్కి ఊరెళ్లేటప్పుడు మందు మర్చిపోతే పడే జరిమానా అది.

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వెళ్లే పెద్దవాళ్లకు ఒక మాట. అక్కడ ఈ వారపు ఇంజెక్షన్ల జాబితా ధర నెలకు వెయ్యి డాలర్లకు దగ్గర. ఇన్సులిన్ నెలకు 35 డాలర్లకు మించదన్న వార్త మెడికేర్ (అక్కడి ప్రభుత్వం ప్రధానంగా పెద్దవాళ్లకు ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్నవాళ్లకు వర్తించే నిబంధన, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు కాదు. విజిటర్ ఇన్సూరెన్స్ సాధారణంగా ముందునుంచీ ఉన్న షుగరుకు మందులు ఇవ్వదు. కాబట్టి ఇక్కడే కొని, డాక్టరు చీటీ, బిల్లు, అసలు పెట్టెలతో చేతి సంచిలో చల్లటి పౌచ్‌లో పెట్టుకుని తీసుకెళ్లండి. చెకిన్ లగేజీలో వేస్తే విమానం అడుగు భాగంలో చలికి గడ్డకట్టవచ్చు.